గుండుసూదులు పట్టుకున్న పెదవులు

టైలరమ్మ కుట్టుపని నేర్చుకున్నది పెద్దమ్మ కొట్లో. ఇరుకు గది, రెండు మిషన్లు, మూలన గళ్ళ పరదా. ఆ పరదా వెనక ఆడవాళ్ళు కొలతలిస్తూ, ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తలేని సంగతులన్నీ వెళ్ళబోసుకునేవాళ్ళు. పిల్లాడు ఇంకా పక్క తడుపుతున్నాడని ఒకామె, పిల్ల బడికి పోనని తలుపు పట్టుకుని వేళ్ళాడుతోందని ఇంకొకామె. పెద్దమ్మ పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులే. నోరు తెరిస్తే మింగాల్సిందే! అందుకని "ఊఁ" అనేది, అంతే. చెప్పేవాళ్ళు చెప్పీ చెప్పీ, ఏం చెయ్యాలో చివరికి వాళ్ళే తేల్చుకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు.

"నువ్వేం చెప్పకుండానే నీకు దణ్ణాలు పెడతారేంటి పెద్దమ్మా?" అని టైలరమ్మ ఆటపట్టించేది.

పెద్దమ్మ సూదులు అరచేతిలోకి ఊసుకుని, "నోరు ఖాళీగా ఉంటే నేనూ సలహాలిచ్చి చచ్చేదాన్నే. ఇవి కాపాడుతున్నాయి," అనేది.

ఆ కొట్టు ఇప్పుడు లేదు, పెద్దమ్మా లేదు. ఆ చోట రెడీమేడ్ దుకాణం వెలిసింది. అందులో అద్దాల గదుల్లోకి ఒక్కొక్కరే వెళ్ళి గడియ పెట్టుకోవాలి. టైలరమ్మ ఇంట్లోనే జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. బట్టలు సంచిలో వస్తాయి, సంచిలో పోతాయి. మనుషులు గుమ్మం దాటరు.

అందుకే కూతురు మాట మానేసినప్పుడు ఎవరితో చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. ఇల్లంతా కిచకిచలాడుతుందని పిచ్చుక అని పిలుచుకున్న పిల్ల. ఇప్పుడు బడికి పోనని ముసుగుతన్ని పడుకుంది, అన్నం కెలికి వదిలేస్తోంది. టైలరమ్మ ఫోను పట్టుకుంది. అందులో సలహాలకేం కొదవ? డాక్టరులా తెల్లకోటు వేసుకున్న ఒకాయన నవ్వుతూ, "పిల్లలు మొండికేస్తే మీరూ మాట్లాడకండి. వాళ్ళే దారికొస్తారు. గ్యారంటీ!" అన్నాడు. పెద్దమ్మ మౌనం గుర్తొచ్చి ఆమె మరీ నమ్మింది.

వారమంతా కంచం పెట్టడం, మొహం తిప్పుకోవడం. ఒక సాయంత్రం పిచ్చుక గోడవైపు తిరిగి అంది: "నేనంటే విసుగొచ్చేసింది కదమ్మా? చెప్పెయ్, పర్లేదు."

టైలరమ్మకు పెద్దమ్మ మళ్ళీ గుర్తొచ్చింది. పెద్దమ్మ ఏనాడు మొహం తిప్పుకుంది? నోట్లో సూదులున్నా చూపు ఎదుటి మనిషి మీదే ఉండేది కదా!

మర్నాడు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ యూనిఫాం సంచి ఇచ్చి వెళ్ళబోతూ, ఆమె వాలకం చూసి ఆగిపోయింది. సంగతంతా విని అడిగింది: "ఆ కోటాయన ఎవరు? ఏ ఆసుపత్రి?"

"అదేం చెప్పలేదు."

"పోనీ, నీ పిల్ల గురించి ఏమైనా అడిగాడా?"

"వీడియోలో ఎట్లా అడుగుతాడు?"

"అడక్కుండానే గ్యారంటీ ఇచ్చేశాడా! కొలతలు తీసుకోకుండా నువ్వు గుడ్డ కోస్తావా వదినా?"

మోసపోయిన తల్లిని తప్పుపట్టడం తేలిక. వందల మంది చదివే బడిలో పిల్లల దిగులు వినడానికి ఒక్క మనిషిని పెట్టనివాళ్ళను మాత్రం ఎవరూ నిలదీయరు. ఆ ఖాళీలోకే కోట్లు తొడుక్కుని వచ్చి గ్యారంటీలు అమ్ముకుంటారు.

నర్సమ్మ పిల్లల దిగులు వినడానికి పెద్దాసుపత్రి వాళ్ళు నడిపే వీడియో సేవ చూపించింది. ఫోన్లో కనిపించినావిడ ముందు తన పేరు, చదువు, తను ఏ డాక్టరు కింద పనిచేస్తోందో చెప్పింది. "నా వల్ల అయ్యేది కొంతే. అవసరమైతే డాక్టరుగారి దగ్గరికి పంపిస్తాను. చనిపోవాలనుందని పిల్ల ఎప్పుడైనా అంటే మాత్రం నా కోసం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి," అంది. ఆ తర్వాత అన్నీ ఓపిగ్గా అడిగింది. టైలరమ్మ ఆ కోటాయన వీడియో సంగతీ దాచలేదు.

"ఇది పాపతో చెప్పారా?"

చెప్పలేదు. ఫోను పెట్టేసి, వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. "విసుగొచ్చి కాదే పిచ్చుకా. ఎవడో చెప్పింది విని చేశాను. తప్పు నాదే."

ముసుగు కొంచెం తొలిగింది. "ఎవడో చెబితే వింటావు. నేను చెబితే వినవు."

"చెప్పు, వింటాను."

"నీకు కాదు. ఆ ఆంటీకి చెబుతా. నువ్వు బయటికెళ్ళు."

టైలరమ్మ మళ్ళీ ఫోను కలిపి పిల్ల చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి, గుమ్మం బయట మెట్టు మీద కూర్చుంది. లోపల్నుంచి పిల్ల గొంతు ఆగి ఆగి వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. చెవి రిక్కించబోయి, తనను తానే కసురుకుని, లేచి కింది మెట్టు మీదికి మారింది.