మంచు ఓడ యజమాని

ఒక బకెట్టు మంచునీ, కన్నకూతురి ప్రాజెక్టునీ ఒకే పెట్టెలో పెట్టి ఖతార్ ఎండలో నేను నీళ్లపాలు చేసిన కథ ఇది. జాలిపడాలనిపిస్తే మా అమ్మాయి మీద పడండి.

మా జాయిస్ బళ్లో ప్రదర్శన. రెండొందల ఏళ్ల కిందటి అట్లాంటిక్ వ్యాపారం మీద ఏదైనా చేసుకురమ్మన్నారు. ఇంగ్లండు రాజుకు మతి చలించి, కొడుకు రాజ్యం నడిపిన కాలమది. తోటి పిల్లలంతా అట్టముక్కలతో ఆవిరి ఓడలు చేస్తున్నారు.

"నేనూ ఓడే చేస్తాను నాన్నా" అంది.

నేను మెసయీద్‌లో ఎరువుల కంపెనీలో ఆవిరి గొట్టాలకు వేడి పోకుండా తొడుగులు వేయించే ఇంజనీరును. వేడి నా మాట వింటుందని అప్పట్లో నా నమ్మకం.

"ఓడ ఎవరైనా చేస్తారమ్మా. ఆ రోజుల్లో అమెరికా చెరువుల్లో మంచు కోసి, రంపపు పొట్టులో కప్పి, వేడి దీవులకు ఓడల్లో పంపి అమ్మేవారు. మనం ఆ మంచే పట్టుకెళ్దాం."

"కరిగిపోతే?"

"మీ నాన్న డ్యూటీయే అది కదే."

పిల్ల నమ్మింది. అట్టముక్కలు పక్కన పెట్టేసింది.

ప్రదర్శన రోజు పొట్టులో కప్పిన మంచు పెట్టెతో, జాయిస్‌తో బయల్దేరాను. పికప్ మా పక్కింటి నర్సన్నది. కరీంనగర్ మనిషి. "అన్నా, పెట్టెను ముంగట ఏసీల పెడదాం. ఎండ మస్తుగున్నది" అన్నాడు.

"ఆ ఓడల్లో ఏసీ ఉందా నర్సన్నా?" అని పెట్టెను వెనక ఎండలోనే పెట్టించాను.

నిజం చెప్పాలంటే పొట్టు తన పని తాను చేసింది. పాడుచేసింది నేనే. పెట్రోలు బంకులో మూత తీసి, పొట్టు తోసి చూశాను. మంచు చెక్కుచెదరలేదు. ఆ సంబరం పట్టలేక పెట్రోలు పోసే నేపాలీ ఆయనకూ చూపించాను. తర్వాత దోహాలో నజ్మా పేటలో చాయ్ దుకాణం ముందు ఆపించి, చాయ్ తాగుతున్న వాళ్లందరికీ ఉపన్యాసమిచ్చాను. నాటిన విత్తు మొలిచిందా అని పూటపూటా తవ్వి చూసే రైతు కూడా నాకన్నా నయం.

"యల్లా అన్నా, ఇగ పోదాం" అన్నాడు నర్సన్న. "మంచును సూపెడుతున్నవా, సంపుతున్నవా?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య అంటారు. నా మల్లయ్య ఏటి మధ్యలోనే నీరైపోయాడు. బళ్లో పెట్టె తెరిస్తే తడిసిన పొట్టు, అందులో సబ్బుబిళ్లంత ముక్క.

 జాయిస్ నన్ను తిట్టినా బాగుండేది. పక్క బల్లల మీద బారులు తీరిన అట్ట ఓడలను చూస్తూ నిలబడింది. నా మాట మీద నమ్మకంతో తను వదులుకున్న ఓడ కూడా వాటి మధ్య ఉండాల్సింది.

ఇంతలో టీచరు వచ్చింది. "ఇదేమిటి?"

"మంచు వ్యాపారం మేడమ్" అంది జాయిస్, తడబడకుండా. "పొట్టు బాగానే కాపాడింది. దారి పొడుగునా తెరిచి చూడబట్టి ఇలా అయింది."

"ఎవరు తెరిచారు?"

జాయిస్ ఎంతో మర్యాదగా నా వైపు చెయ్యి చూపింది.

"ఓడ యజమాని, మేడమ్."

టీచరు నవ్వి నవ్వి రెండో బహుమతి ఇచ్చింది. ఇంటికొచ్చి భార్యాబిడ్డల ఎదుట ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో మూసిన మూత తీయను. అన్నం ఉడికిందో లేదో కూడా ఇకమీదట మా ఆవిడే చూసుకోవాలి.