ఇంటోళ్లమే

గుత్తిలో మా వీధి చివరున్న బొరుగుల బట్టీకి తాళం పడింది. అయినా తెల్లవారుజామున కాగిన ఇసుక వాసన నన్ను లేపుతూనే ఉంది. మా ఆయనకు ఏ వాసనా రాదట.

అక్కడ పనిచేసింది నలుగురం: యజమాని, ఆయన భార్య, పొయ్యిలోకి శనక్కాయ పొట్టు ఎగదోసే ముసలాయన, నేను. వేడి ఇసుకలో బియ్యం పేలగానే జల్లెడ పట్టడం నా పని. కాస్త ఆలస్యమైతే మాడిపోతాయి. బస్టాండు హోటళ్లలో జనం తిన్న ఉగ్గానిలో బొరుగులన్నీ నా జల్లెడ దాటి వచ్చినవే. యజమానినీ, ఆయన భార్యనూ అన్నా, వదినా అని పిలిచేదాన్ని.

ఒకసారి చిన్న చిన్న బట్టీల్లో, అంగళ్లలో ఎంతమందికి పని దొరుకుతోందో రాసుకోవడానికి ప్రభుత్వం మనిషి వచ్చాడు.

"పనోళ్లు యాడుండారు సార్? అంతా ఇంటోళ్లమే," అన్నాడు అన్న మాట సాగదీసి, చివర్లో చిన్నగా దగ్గి.

"మరి ఈమె?"

"మా చెల్లెలే అనుకో."

"అట్లయితే నేనేందప్పా, మీ నాయననా?" అన్నాడు ముసలాయన. అందరం నవ్వాం. వచ్చినాయన నన్ను రాసుకోకుండానే పోయాడు. చెల్లెలన్నాడు కదా అని ఆ పూటంతా సంబరపడ్డాను.

అన్న పోయాడు. దినాల నాడు చుట్టాల వరసలో కూర్చోబోతే వదిన నా ముందు విస్తరి తీసేసింది.

"ఈడ ఇంటోళ్లు కూర్చుంటారు మ్మే. పనోళ్లకు తర్వాత పెడతాం."

తినకుండా వచ్చేశాను. దుఃఖంలో అన్నదిలే అని నలుగురూ సర్దిచెప్పారు. దుఃఖంలోనే కదా మనసులోది బయటికొచ్చేది!

బట్టీ మూశాక ముసలాయన శింగనమలలో కూతురి దగ్గరకు చేరాడు. నాకు పని కావాలి. రైల్వే గేటు దగ్గర కొత్త బట్టీకి వెళ్లాను. నా మాట నమ్మక ఆ యజమాని వదినకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"మీ బట్టీలో పనిచేసినానని ఒకామె చెప్తాండాది. నిజమేనా?"

లెక్కలు రాసుకునేవాళ్లు మళ్లీ అడుగుతున్నారనుకుందేమో, తడుముకోకుండా చెప్పింది.

"పనోళ్లు యాడుండారు సార్? అంతా ఇంటోళ్లమే."

గొంతు వదినది. మాట, ఆ సాగదీత, చివర్లో చిన్న దగ్గు, అన్నీ చచ్చిపోయిన అన్నవి. కొత్త యజమాని ఫోన్ పెట్టేసి, వేరేచోట చూసుకొమ్మన్నాడు.

ఇప్పటికీ ఆ వాసనకు మెలకువ వస్తుంది. నా చేతులు వాటంతటవే జల్లెడ ఊపుతుంటాయి. చెప్పులేసుకుంటాను.

"తాళమేసినకాడికి యాడ పోతాండావు?" అంటాడు మా ఆయన పడుకునే.

"పనికి," అంటాను.