యాన్ పేరు పక్కన గీసిన శిలువ

2023 జులైలో ఒక సోమవారం ఉదయం, మెల్‌బోర్న్ శివార్లలోని కేరమ్ డౌన్స్‌లో, ఒక డచ్ ముసలావిడ ఇంట్లో టాయిలెట్ కడుగుతూ తలెత్తి చూశాను. గోడకున్న క్యాలెండర్లో యాన్ అనే పేరు పక్కన పెన్సిల్‌తో గీసిన చిన్న శిలువ గుర్తు కనిపించింది. శుక్రవారం వచ్చినప్పుడు అది లేదు. యాన్ ఆవిడ తమ్ముడు, హాలండ్‌లో ఉంటాడు. ముందురోజు సాయంత్రం ఫోన్‌లో అరగంట మాట్లాడుకున్నామని నేను రాగానే ఆవిడే చెప్పింది.

"ట్రూస్, ఇదేంటి?"

"యాన్ పోయాడు," అంది వంటింట్లోంచి.

"ఫోన్ వచ్చిందా?"

"రాలేదు. వస్తుంది."

నేను సపోర్ట్ వర్కర్‌ని. ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి స్నానం, మందులు, ఇంటి పని చూసుకుంటాను. వెళ్ళిన ప్రతిసారీ ఫోన్ యాప్‌లో ప్రోగ్రెస్ నోట్స్ రాయాలి, అంటే ఆ రోజు మనిషి ఎలా ఉన్నారో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. టైమ్ దానంతటదే పడుతుంది. పంపాక చెరపడం కుదరదు. ఇక్కడికి రాకముందు గుంటూరులో ఒక దినపత్రికకు పదేళ్ళు వార్తలు రాశాను. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదని అక్కడే నేర్చుకున్నాను.

ట్రూస్‌కు ఎనభై ఆరేళ్ళు. ఇరవయ్యో ఏట భర్తతో ఓడలో వచ్చింది. ఆయన పోయాడు, పిల్లలు లేరు. మొదటిరోజు కాఫీ తాగుతావా అంటే మొహమాటానికి "వద్దండీ" అన్నాను. రెండోసారి అడగకుండా కప్పు తీసి లోపల పెట్టేసింది. రెండోరోజు తాగుతానంటే ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత బిగించింది.

"ఇక్కడివాళ్ళు మమ్మల్ని పిసినారులంటారు. మిమ్మల్నేమంటారు?" అని అడిగింది.

"కూర వాసన అంటారు."

"వస్తుంది మరి."

అలాంటి మనిషి ఒకసారి, "నన్ను వృద్ధుల హోమ్‌లో వేస్తే తిండి మానేస్తాను," అంది. బెదిరింపులా కాదు, రేపు వాన పడుతుందన్నంత మామూలుగా.

ఆ సోమవారం పదీ ఇరవైకి నోట్స్ పంపాను: టాయిలెట్ గోడకు అయినవాళ్ళ పేర్లు తగిలించుకుంది, బతికున్న తమ్ముడు చనిపోయాడని నమ్ముతోంది. పది నిమిషాల్లో మా కోఆర్డినేటర్ సందీప్ ఫోన్ చేశాడు. వరంగల్ అబ్బాయి.

"అక్కా, టాయిలెట్లనా? ఇంటోళ్ళ పేర్లు టాయిలెట్ల పెట్టుకునుడేంది? షీ ఈజ్ నాట్ ఓకే అక్కా. నేను రీఅసెస్‌మెంట్ పెడ్తున్న."

మనిషి ఒంటరిగా ఉండగలరా లేదా అని మళ్ళీ పరీక్షించడమే రీఅసెస్‌మెంట్. అందులో తప్పితే హోమే. నాకూ సబబే అనిపించింది. మా ఇళ్ళల్లో క్యాలెండర్ దేవుడి పటాల పక్కన ఉంటుంది.

సాయంత్రం ఐదున్నరకు సందీప్ మళ్ళీ చేశాడు. ఈసారి గొంతు చిన్నబోయింది.

"అక్కా... ఆమె తమ్ముడు నిజంగనే పోయిండట. హాలండ్‌ల ఉన్న మేనకోడలు ఇప్పుడే ఆమెకు ఫోన్ చేసిందట."

హాలండ్‌లో కర్టెన్లు మూసుకునే అలవాటు తక్కువట. పొద్దెక్కినా యాన్ కిటికీకి కర్టెన్ వేసే ఉందని ఎదురింటావిడ తలుపు తట్టింది. నిద్రలోనే పోయాడు. అక్కడి టైమ్‌లో తెల్లవారుజామున ఐదింటి ప్రాంతంలో అని డాక్టరు రాశాడు.

బుధవారం వెళ్ళేసరికి ట్రూస్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది.

"మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నాకు మతి చెడిందని రాశావట."

"సారీ ట్రూస్. టాయిలెట్‌లో పేర్లు చూసి..."

"ఇంకెక్కడ పెడతారు? మా వాళ్ళందరి ఇళ్ళల్లో అక్కడే ఉంటుంది. అది పుట్టినరోజుల క్యాలెండర్. ఒకరిది మర్చిపోయినా మాకు పెద్ద తప్పు. రోజూ తప్పకుండా చూసే చోటు అదే కదా!"

దాంట్లో సంవత్సరం ఉండదు, వారాలుండవు. నలభై ఏళ్ళుగా అదే క్యాలెండర్. చనిపోయిన వాళ్ళ పేరు కొట్టేయదు, పక్కన శిలువ గీస్తుంది.

"అడగొచ్చుగా? కాఫీ అంటే వద్దంటావు, కూర్చోమంటే వద్దంటావు. అడగాల్సింది మాత్రం అడగవు."

అప్పుడు అడిగాను. "మీకెలా తెలిసింది?"



"పొద్దున లేచి చూస్తే ఈ నెల పేజీలో అన్ని పేర్ల పక్కనా శిలువలున్నాయి, వాడి పేరు ఒక్కటే బోసిగా ఉంది. పెన్సిల్ తీసుకుని గీశాను. గీశాక తెలిసింది, పోయాడని." తర్వాత నా వైపు వంగింది. "నువ్వు నోట్స్ పంపింది ఎన్నింటికి?"

అబద్ధం చెప్పాలనిపించింది. "పదీ ఇరవై," అన్నాను.

హాలండ్ టైమ్ కోసం వేళ్ళ మీద ఎనిమిది గంటలు వెనక్కి లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"డాక్టర్లు చెప్పేది అంచనానే ట్రూస్. పొరపాటు పడి ఉండొచ్చు."

"లేదా నేను తొందరపడి ఉండొచ్చు," అంది.

ఆ రోజే నోట్స్‌కు అడెండమ్ రాశాను. పాత నోట్స్‌ను చెరపకుండా కింద చేర్చే సవరణ అది. టాయిలెట్‌లో క్యాలెండర్ డచ్ వాళ్ళ ఆచారమనీ, అడగకుండా రాయడం నా తప్పనీ రాశాను. మూడు వారాల తర్వాత రీఅసెస్‌మెంట్ జరిగింది. అడిగినవన్నీ చెప్పింది, అడగడానికి వచ్చినాయన షూ లేసు ఊడిందని కూడా చెప్పింది. ఆవిడ ఇంట్లో ఆవిడే ఉండొచ్చన్నారు. అప్పట్నుంచి కొత్త ఇంటికి వెళితే నాకు వింతగా కనిపించిన ప్రతిదాన్నీ ముందు అడిగి, తర్వాతే రాస్తున్నాను.

యాన్ ఎన్నింటికి పోయాడన్నది మాత్రం తేలలేదు. డాక్టరు కాగితంలో ఐదు అని ఉంది. నా నోట్స్‌లో పడిన టైమ్ హాలండ్ లెక్కన రాత్రి రెండూ ఇరవై.