మా అత్త గెలిపించిన కప్పు

మొన్న ఆత్మకూరు బస్టాండులో టీ తాగుతుంటే అంగడి టీవీలో ఫుట్‌బాల్ మొదలైంది. మా మేనత్త గ్లాసు పట్టుకుని లేచి, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. "ఆపమనరా దాన్ని" అంది. ఉదయగిరి బస్సు వచ్చేదాకా అటు తిరగలేదు. ఆమెకి ఆ ఆటంటే అంత భయం.

కొన్నేళ్ల కిందట ఆమె కూతురు గల్ఫ్‌లో ఒక చిన్న దేశంలో నర్సుగా పనిచేసేది. ఆసియా దేశాలు ఆడే ఫుట్‌బాల్ పోటీలు ఆ ఏడు అక్కడే జరిగాయి. ఆ చిన్న దేశం జట్టు మీద సొంత జనానికే ఆశ లేదు. ఏం మాయో, ఫైనల్‌కి చేరింది. "మా వార్డంతా అడగతా ఉండారు, ప్రార్థన చెయ్ మా" అని కూతురు ఫోన్ చేసింది. మా అత్త ప్రార్థనంటే ఆషామాషీ కాదు. వారం వారం ఇళ్లల్లో జరిగే ఆడవాళ్ల కూటంలో జ్వరాలూ, పరీక్షలూ, చూడి బర్రెలూ వరసగా దేవుడికి మనవి చేసుకుంటారు. ఆ వరసలో ఈమె లేచి, "ప్రభువా, అంత పెద్దోణ్ణి పడగొట్టిన దావీదు గూడా చిన్నోడే గదా! ఈళ్లను గెలిపించు" అని ఏకబిగిన ప్రార్థించింది. బంతిని చేత్తో పట్టకూడదని కూడా తెలియని వాళ్లంతా గట్టిగా ఆమెన్ అన్నారు.

గెలిచారు! ఆదివారం సాయంత్రం అత్త ఇంట్లో టీవీ ముందు నేనూ ఎగిరి గంతేశాను. అంతలోనే తెర మీద అక్కడి పెద్ద కూడలి, వీధులు జనంతో నిండిపోయాయి. కార్ల మీదికెక్కారు, గాల్లోకి తుపాకులు పేల్చారు, తొక్కిసలాటలో కొందరు పడిపోయారని వార్త. ఆ కూడలిలో పెట్టిన పెద్ద తెర దగ్గరికే పోతున్నానని కూతురు పొద్దున చెప్పింది. ఫోన్ చేశాను, మోగలేదు. మళ్లీ చేశాను.

అత్త గోడకి చేరగిలబడింది. "నేనే అడిగినాను గదరా! ఓడిపోయుంటే అందరూ కిమ్మనకుండా ఇళ్లకు పోయుండేవాళ్లు. నా నోరు పడిపోను!"

కబురందుకుని కూటం ఆడవాళ్లు పరుగున వచ్చారు. అత్త మోకాళ్ల మీద కూలబడి, "ప్రభువా, ఆ కప్పు వెనక్కి తీసుకో. నా బిడ్డనియ్యి" అంది. ఈసారి ఆమెన్ గొణిగినట్టు వినబడింది. చర్చి ఎగ్గొట్టి తిరిగే నేను కూడా అన్నాను.

రాత్రి భోజనాల వేళకి ఫోన్ మోగింది. వీడియోలో కూతురు, చెంపల నిండా ఆ దేశం జెండా రంగులు. "జనంలో సిగ్నల్ దొరకలా మా. చూసినావా, నీ ప్రార్థనే గెలిపించింది!"

అత్త ఏడుస్తూనే తిట్టింది. "ముందు మొహం కడుక్కో పో! ఆ మాట ఇంకెవురితోనూ అనబాక."

కూతురిప్పుడు నెల్లూరులోనే పనిచేస్తోంది. అత్త మాత్రం కూటంలో ఎవరి గెలుపూ అడగదు, పరీక్షయినా ఎలక్షనయినా. "అందర్నీ ఇళ్లకు చేర్చు తండ్రీ" అని కూర్చుంటుంది. ఆ కప్పు తర్వాత ఎన్ని చేతులు మారిందో నాకు తెలియదు. ఆ సాయంత్రం మోగని ఫోన్ మాత్రం, ఇన్నేళ్లయినా, మా అత్త చెవుల్లో ఇంకా మోగకుండానే ఉంది.