ముద్దుపేరుకి ఎర్రకార్డు: నందిగామ నుంచి ముక్త్యాల దాకా

ఈ ప్రయాణం ఒక వాట్సాప్ గొడవతో మొదలైంది. బెజవాడలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లం కొందరం పెట్టుకున్న గ్రూపు మాది. రాత్రిళ్లు మ్యాచ్‌లు చూడటం, పొద్దున ఆఫీసుల్లో ఆవలించటం, మధ్యలో ఒకళ్లనొకళ్లు తిట్టుకోవటం మా దినచర్య. యూరప్ స్టేడియాల్లో నల్ల ఆటగాళ్లని చూసి కోతికూతలు కూసేవాళ్లని జన్మలో మళ్లీ గేటు దాటనివ్వకూడదని అందరం ఒకే గొంతుతో అంటాం. అలాంటి గ్రూపు మన దయాకర్ విషయం వచ్చేసరికి రెండు ముక్కలైంది.

దయాకర్‌ది ముక్త్యాల. పక్క రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ క్లబ్బుకి లెఫ్ట్ వింగ్‌లో ఆడతాడు. ఈ మధ్య ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టువాణ్ని రెండు చేతులతో నెట్టేసి ఎర్రకార్డు తిన్నాడు. ఆట అయ్యాక, ఆ ఎదుటివాడు తనని మ్యాచంతా "నల్లోడా" అని తిట్టాడని ఫిర్యాదు చేశాడు. ఎదుటివాడూ తెలుగువాడే. విచారణలో అతను కాదనలేదు. "అన్నాను, అది వాడి ముద్దుపేరు" అని చెప్పి యూట్యూబ్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో నందిగామలో హైవే పక్కన దయాకర్ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ, దాని మీద "మన నల్లోడు, మన గర్వం" అని అక్షరాలు, కింద కుర్రాళ్లు డప్పులు కొడుతూ "నల్లోడా, నల్లోడా" అని ఎగరటం. కమిటీలో తెలుగు వచ్చినవాళ్లు లేరట. ఫిర్యాదు కొట్టేశారు. నెట్టినందుకు దయాకర్ మీద మాత్రం నిషేధం వేశారు.

"సొంత ఊరివాళ్లంటే ముద్దు, అవతలివాడంటే రేసిజమా?" అని గ్రూపులో ఒకాయన పెట్టాడు. ఇంకొకాయన ఆడలేక మద్దెల ఓడన్నట్టుందన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ కూర్చుని వాగే బదులు వెళ్లి అడిగితే ఏం పోయింది అని రాశాను. "అయితే మీరే వెళ్లండి మేడమ్" అన్నారు. సరే అనుకున్నాను. ఫ్లెక్సీ వేసినవాడి ఫోన్ నంబరు ఎప్పుడూ కింద మూలన ఉంటుంది కదా. వీడియో ఆపి, పెద్దది చేసి చూసి ఫోన్ చేస్తే ఖాజా దొరికాడు. అప్పీలు చేసుకోవటానికి సోమవారం ఆఖరని, దయాకర్ సంతకం పెట్టటం లేదని అతనే చెప్పాడు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

బెజవాడ బస్టాండులో ఏడింటికి జగ్గయ్యపేట ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే సున్నా టికెట్టే. మగవాళ్లకి నందిగామ దాకా వంద లోపే అవుతుంది. ఆదివారమైనా కంచికచర్లలో బస్సు నిండిపోయింది, అక్కణ్నుంచి నా ఒళ్లో ఎవరిదో కూరగాయల సంచీ ప్రయాణం చేసింది. దించుకునేటప్పుడు ఆవిడ నాలుగు వంకాయలు ఇవ్వబోయింది, వద్దంటే నొచ్చుకుంది. గంటంబావులో నందిగామ చేరాను. బస్టాండు ఎదురుగా పెసరట్టు బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది.

ఖాజాది అక్కడికి దగ్గర్లోనే ఫ్లెక్సీల షాపు. ముప్ఫై దాటిన మనిషి, ఒకప్పటి గోల్‌కీపరు, దయాకర్‌కి బంతి తన్నటం నేర్పింది ఇతనే. షాపులో పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, సంతాపాలు అన్నీ ఒకే గోడకి చుట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడే మాట్లాడాడు.

"అది నేనే వేసా మేడమ్. డబ్బులు కూడా తీసుకోలా. వాడు ప్రొఫెషనల్ అయ్యాడని మాకు పండగ. పిలుపుపేరు వేస్తే మనోడు అన్నట్టు ఉంటదని వేసా. వీడియో కూడా నా ఫోనుతోనే తీసా. ఇప్పుడు తీసేసాననుకోండి, కానీ వాళ్లప్పటికే దించుకున్నారు."

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది," అని తనే అనుకుని, కళ్లు తుడుచుకోవటానికి కాబోలు, వెనక్కి తిరిగి ఒక చుట్టని సర్దాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ ఫ్లెక్సీ ఎందుకు వేశాడో, ఆ పిలుపు తమకేమిటో కమిటీ ముందుకొచ్చి చెప్పటానికి అతను సిద్ధం. క్లబ్బు లాయరు కూడా సరేనన్నాడు. దయాకర్ ఒప్పుకుంటే నిషేధం తీసేసే అవకాశం ఉంది, లేకపోతే క్లబ్బు వచ్చే సీజనుకి తీసుకోదు. "నా ఫోనెత్తట్లేదు మేడమ్. సాయంత్రం పేటలో ఫ్రెండ్లీ మ్యాచ్ ఉంది, రమ్మని వాళ్లన్నతో కబురు పెట్టా. మీరు బయటి మనిషి, మీ మాటన్నా వింటాడేమో."

ఇద్దరం బస్సెక్కాం. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగితే జగ్గయ్యపేట, ఇక్కడివాళ్లకి ఒట్టి పేట, నందిగామ నుంచి గంట కూడా పట్టదు. అక్కడ ముక్త్యాలకి షేరు ఆటోలు దొరుకుతాయి. నిండేదాకా కదలవు, కాబట్టి తొందరున్నవాళ్లు ఇంకో ఇద్దరి డబ్బులు కూడా ఇచ్చేసి బయల్దేరటం మేలు. దారంతా సిమెంటు లారీలు, చెట్ల ఆకులు కూడా బూడిదరంగే. చున్నీ ముక్కుకి కట్టుకున్నాను.

ఆటో అతనికి ఖాజా తెలుసు, గొడవా తెలుసు. "ఏమన్నా అనుకోండి ఖాజా, దీనికింత రాద్ధాంతం ఎందుకండి? మా అమ్మ నన్ను బండోడా అనేది. నేనెవరి మీద కేసెయ్యాలి?"

"మీ అమ్మ పిలిస్తే పలికావు. అదే పోలీసోడు లాఠీ పట్టుకుని ఒరే బండోడా అంటే?" అన్నాడు ఖాజా.

"అది వేరు లెండి. వాడి నోరు వేరు." కాసేపు లారీ వెనకాల మెల్లగా నడిపాడు. "అయినా ఆటన్నాక తిట్టుకోరా? కబడ్డీలో మేం అమ్మనీ ఆలినీ కూడా వదల్లా. కూత అయిపోయాక కలిసి టీ తాగేవాళ్లం."

ఈ మాట గ్రూపులో కూడా వచ్చింది. ఆటలో తిట్టు ఆటలోనే పోవాలని. నేను ఒప్పుకోను. కాలు అడ్డం పెట్టావని తిట్టు, దొంగ పెనాల్టీ కొట్టేశావని తిట్టు, అవన్నీ ఆటలోవి. ఒంటి రంగు, తండ్రి చేసే పని, పుట్టిన వీధి ఆటలోకి ఎక్కణ్నుంచి వచ్చాయి? ఈ ముక్కే అంటే అతను అద్దంలో నన్ను చూసి, "మీరు టీచరాండి?" అన్నాడు. బ్యాంకులో పని చేస్తానంటే ఊరట పడ్డాడు.

మేం ముక్త్యాల చేరేసరికి దయాకర్ వాళ్లమ్మ మరియమ్మ గారు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. తెల్లచీర మార్చుకోకుండానే మాకు కుర్చీలు వేసి, భోజనం చేసి వెళ్లాల్సిందేనన్నారు. కృష్ణలో పట్టిన చేపల పులుసు. వడ్డిస్తూ ఆవిడే చెప్పుకొచ్చారు. "నాకిద్దరండి. పెద్దోడు తెల్లగా పుట్టాడు, ఎర్రోడన్నాం. ఈడు మా నాన్న రంగొచ్చాడు, నల్లోడన్నాం. ఏ ఇంట్లో అనరండి ఇట్టా?" నిజమే, మా ఇంట్లోనూ ఒక ఎర్రక్క ఉంది. పెద్దబ్బాయి ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్లాడట. వాళ్ల నాన్న బతికున్నన్నాళ్లూ అదే ఫ్యాక్టరీలో బస్తాలు లారీలకెత్తాడు.

ఆవిడ లోపలి గది వైపు తిరిగి, "న..." అని ఆగిపోయారు. "బాబూ, అన్నం పెట్టా," అన్నారు.

దయాకర్ బయటికొచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నాకు నమస్కారం పెట్టి, "చూసారాండి, చుట్టాన్ని పిలిచినట్టు పిలుస్తంది మా అమ్మ," అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

భోజనాలయ్యాక, అసలతను ఏమన్నాడని అడిగాను. దయాకర్ వాళ్లమ్మ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్లేదాకా ఆగాడు.

"నల్లోడా, నీకు బంతెందుకురా, పోయి బస్తాలు మొయ్యి. ఇదండి. త్రో వేసినప్పుడు, కార్నర్ కొట్టినప్పుడు, మ్యాచంతా చెవిలో ఇదే. మా నాన్న సంగతి వాడికెవరో చెప్పుంటారు."

"బస్తాల మాట కమిటీకి చెప్పలేదా?"

"చెప్పానండి. ఎవరూ విన్లేదన్నారు. నల్లోడన్నానని వాడే ఒప్పుకున్నాడు కదా, ఇంక దాని మీదే నడిచింది. ఫ్లెక్సీ చూసి కమిటీవాళ్లు నవ్వారు కూడా. అంటే, ఎగతాళిగా కాదు. ముచ్చటగానే నవ్వారు."

ఖాజా తల దించుకుని, తప్పయిపోయిందిరా అన్నాడు. నేనొచ్చి చెప్తా, నువ్వొక్క సంతకం పెట్టు అన్నాడు. దయాకర్ ఖాజా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ తప్పేం లేదన్నా. కానీ ఒక మాట చెప్తా, ఏమనుకోమాకు. చిన్నప్పుడు నాకా పేరంటే ఇష్టం ఉండేది కాదు. బళ్లో అందరూ అంటంటే అద్దం దగ్గర నుంచుని మొహం రుద్దుకునేవాణ్ని. తర్వాత గోల్ కొట్టినప్పుడు గ్రౌండంతా నల్లోడా అని అరిచేవాళ్లు చూడు, అప్పుడు బాగా అనిపించింది. ఆ పేరు మీద గెలిచాననిపించింది. ఇప్పుడు అదే పట్టుకుపోయి నా మొహాన కొట్టారు."

"ఇష్టం లేదని ఎప్పుడూ చెప్పలేదేంట్రా?"

"ఎవరికి చెప్పను? అమ్మకా?"

మరియమ్మ గారు గుమ్మంలోనే ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. ఎంతవరకు విన్నారో ఆవిడ మొహమే చెప్పింది. "నేనొస్తా నాయనా," అన్నారు. "పేరు పెట్టింది నేనేనని చెప్తా. నేనెట్టా పిలుస్తానో ఆళ్లకి చెప్తా."

"వద్దమ్మా. నువ్వక్కడ నుంచుని నన్ను పిలిచి చూపించాలి. ఆ తర్వాత వాడెట్టా అన్నాడో నేనని చూపించాలి. రెండూ పక్కపక్కన పెట్టి, హిందీలోకి మార్చి, వాళ్లు తూకం వెయ్యాలి. నా వల్ల కాదు."

నేను ఊరుకోలేకపోయాను. నువ్వు వెళ్లకపోతే వాడు రేపు ఇంకొకణ్ని అంటాడు, నీ తర్వాత వచ్చే కుర్రాళ్ల సంగతేమిటన్నాను. "తెలుసండి. అందుకే నిద్రపట్టట్లేదు," అన్నాడు. న్యాయం కోసం అమ్మ పిలుపుని సాక్ష్యంగా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాలంటే, ఆ ధర ఎక్కువే. సంతకం లేని అప్పీలు కాగితాన్ని ఖాజా మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయల్దేరుతుంటే దయాకర్ బూట్లు చేతిలో పట్టుకుని మా వెనకే వచ్చాడు. "సంతకం సంగతి వదిలెయ్ అన్నా. మ్యాచ్‌కి మాత్రం వస్తా."

పేట గ్రౌండుకి అయిదింటికి చేరాం. జనం బాగానే ఉన్నారు. గోడ మీద కాళ్లు వేలాడేసి కుర్రాళ్లు, వేరుశెనక్కాయల బండి, అవతల ఒకరిద్దరు డప్పులతో. దయాకర్ వచ్చాడని తెలిసి ఇంకొంతమంది చేరారు. ఆట మొదలైన కాసేపటికి ఎడం పక్కన బంతి అందుకున్నాడు. నేను టీవీలో చూసిన దయాకరే. ఒకణ్ని దాటాడు, రెండోవాణ్ని కూర్చోబెట్టాడు. గ్రౌండులో ఎవరూ ఏమీ అనలేదు. బూటు బంతిని తాకే చప్పుడు గోడ దాకా వినిపిస్తోంది. డప్పు పట్టుకున్నతను పుల్ల ఎత్తి, పక్కవాళ్ల మొహాలు చూసి దించేశాడు.

రెండో సగంలో గోల్ కొట్టాడు, దూరం నుంచి, పై మూలకి. అంత అందమైన గోల్ ఎదురుగా చూడటం నాకదే మొదటిసారి. జనం లేచి నిలబడ్డారు. నోళ్లు తెరుచుకున్నాయి, మాట మాత్రం ఒక్కరి నోటి నుంచీ రాలేదు. కాసేపటికి చప్పట్లు మొదలయ్యాయి, అవీ సన్మానసభలో కొట్టినట్టు కొట్టారు. దయాకర్ రెండు చేతులూ ఎత్తి జనం వైపు పరిగెత్తబోయి, సగంలో ఆగి, చేతులు దించుకుని సెంటర్‌కి నడిచాడు.

ఆట అయ్యాక గట్టున కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "ఏంటన్నా, అందరూ చావుకొచ్చినట్టు ఊరుకున్నారు?" అని అడిగాడు.

"ఏమని అరవాలో తెలీలేదురా," అన్నాడు ఖాజా.

దయాకర్ లేసులు చిక్కుపడితే చాలాసేపు వాటితోనే ఉన్నాడు.

సోమవారం దాటిపోయింది. సంతకం పెట్టలేదని ఖాజా మెసేజ్ పెట్టాడు. గ్రూపులో ఇదంతా రాస్తే నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, ఆ రాత్రికి ఇంకో మ్యాచ్ మీద పడ్డారు. ఆ తిట్టినవాడు ఆడుతూనే ఉన్నాడు, అది నాకు కోపం. అంతకంటే బాధ ఇంకోటుంది. ఒక తల్లి కొడుకుని పిలవటానికి తడబడుతోంది, ఒక ఊరు గోల్ చూసి అరవలేకపోతోంది. ముద్దుగా అన్నదే కదా అని మనం సర్దిచెప్పుకోవచ్చు. ఆ ముద్దు ఎదుటివాడికి రుచిస్తోందో లేదో ఒక్కసారి అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది. అడిగి ఉంటే ఆ వీడియో ఉండేది కాదేమో, తిట్టు కమిటీకి తిట్టుగానే కనపడేదేమో.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక సలహా. పేట నుంచి బెజవాడకి సాయంత్రం కూడా బస్సులు బాగానే ఉన్నాయి, చిల్లకల్లు దాకా ఆటోలో వస్తే ఇంకా తేలిక. ముక్త్యాల వెళ్లి, ఆ ఫుట్‌బాల్ ఆడే అబ్బాయి ఇల్లెక్కడ అని ఎవరినైనా అడిగితే, దయాకర్ అని అడగండి. ఆ పేరెవరిదో వాళ్లకి వెంటనే తట్టదు. కాస్త ఓపిక పట్టి, ఆ పేరే మళ్లీ చెప్పండి.