చిల్లుపడ్డ ప్రథమ ఫలం

మా చర్చిలో కోతల పండుగకి ఎవరి కష్టం వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. పొలం ఉన్నవాళ్లు వడ్లు, కోళ్లు పెంచేవాళ్లు కోడిపుంజు, టైలర్ అయితే తను కుట్టిన చొక్కా. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలంపాట. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అమ్మ తన పాదుకి కాసిన పొట్లకాయ నా తరఫున పెట్టి, "మా అమ్మాయిదండీ" అని చెప్పేసేది. పోయినేడు మాత్రం ఫోన్‌లో తెగేసి చెప్పింది.

"నీ పనేంటో నువ్వే తెచ్చుకో. నా పొట్లకాయల చేత ఎన్నాళ్లు అబద్ధమాడించనే!"

నా పని ఇంకా కట్టని ఒక విద్యుత్ కేంద్రానికి డిజైన్ చేయడం. హైడ్రోజన్‌ని సూర్యుడి నడిబొడ్డు కంటే వేడిగా కాచి, ప్లాస్మాగా మారిన ఆ వాయువు గోడలకి తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచి, అందులోంచి కరెంటు తీయాలి. ఇలాంటి యంత్రాల్లో ప్లాస్మా మామూలుగా గారెలా ఉంటుంది. మా దాంట్లో ఇంచుమించు బంతిలా, నడుమ సన్నటి చిల్లుతో ఉంటుంది. దాని ఆకారం తేల్చడం నా వంతు. నిలువుగా సాగదీస్తే వేడి బాగా నిలుస్తుంది. మరీ సాగదీస్తే పైకో కిందికో జారిపోయి గోడకి కొట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఈ రెంటి మధ్యే నా కుస్తీ. ఇప్పటిదాకా ఒక్క బల్బు వెలిగించింది లేదు. బస్తాలకు బస్తాలు వడ్లు పెట్టే చోట నేనేం పెట్టను? రైల్లో దారి పొడుగునా అదే సిగ్గు.

గుడివాడలో దిగి మార్కెట్లో ఎర్ర గుమ్మడికాయలు చూశాక ప్రాణం లేచొచ్చింది. పైనా కిందా నొక్కు, చుట్టూ గాడులు. మా ప్లాస్మా అచ్చం అంతే! కాస్త నిలువుగా ఉన్నదాన్ని ఏరి, బస్సులో ఒళ్లో పెట్టుకుని బందరు దగ్గరి గూడూరు పక్కనున్న మా ఊరు చేరాను. వరండాలో కూర్చుని తొడిమ నుంచి అడుగు దాకా చిల్లు తొలిచాను. అయస్కాంత రేఖలు స్కెచ్ పెన్నుతో గీశాను. అమ్మ వచ్చి చూసింది.

"కొన్న కాయా! పైగా దానికి బొక్క కూడానా?" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వేలంపాట పాడించింది బందరులో చేపల వ్యాపారం చేసే సంఘపెద్ద. చుట్టం కాకపోయినా చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలుస్తాను. నా గుమ్మడికాయ ఎత్తి, చిల్లులోంచి ఒంటి కన్నుతో నన్ను చూశాడు.

"అమ్మాయ్, దేవుడికి మచ్చ లేనిది పెట్టాలి కదా. దీన్ని ఎలక కొట్టేసినట్టుందే!"

చర్చంతా గొల్లున నవ్వింది. అక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. తల కొట్టేసినట్టయింది, ఒళ్లు కూడా మండింది.

"ఎలక కాదు మావయ్యా, నేనే. ఆ చిల్లే నా ఉద్యోగం" అన్నాను.

తర్వాత ఆగలేదు. అయస్కాంతాల తీగలన్నీ ఆ చిల్లులోంచే దూరాలని, అది ఎంత సన్నగా ఉంటే యంత్రం అంత చిన్నదవుతుందని, గారెతో పోల్చి మరీ చెప్పాను. అందరూ ప్రసంగం విన్నట్టే తలలూపారు. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అడిగారు. "కరెంటు ఎప్పుడొస్తుందమ్మా?"

"తెలీదండీ. మన కాలంలో వస్తుందో రాదో కూడా చెప్పలేను."

మావయ్య పాట మొదలెట్టినా ఎవరూ ధర పలకలేదు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. అప్పుడు ముందు వరసలోంచి అమ్మ పాడింది. మావయ్య రెండోసారి అనేలోపే ఇంకాస్త పెంచింది.

"అక్కయ్యా, పోటీకి ఎవరూ లేరు. నీ మీద నువ్వే పాడుకుంటున్నావ్."

"తెలుసులే తమ్ముడూ. ఊరికే వచ్చేస్తే మా అమ్మాయి పనికి విలువేముంటుంది? నువ్వు కానీ" అంటూ మళ్లీ పెంచింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మ గుమ్మడికాయని చంటిపిల్లలా చంకనేసుకుని, గేటు దాకా ఎదురైన ప్రతివాళ్లకీ చూపించింది.

"మా అమ్మాయిదండీ."

కొన్న కాయన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.