దుర్గ పేరు పక్కన మైనస్ గుర్తు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నరసాపురం దగ్గరి ఒక మండలానికి నన్ను విద్యాశాఖాధికారిగా వేశారు. బడులు తెరవగానే మా నెత్తిన పడే మొదటి పని బడి బయటి పిల్లల సర్వే. ఆ ఏడు మాకిచ్చిన ఫారంలో రెండే గళ్లు: 'ఎప్పుడూ చేరలేదు', 'మధ్యలో మానేశారు'. ప్రతి బిడ్డనీ ఏదో ఒక గడిలో కూర్చోబెట్టాలి.

దుర్గ రెండో గడిలో ఉంది. పదేళ్ల పిల్ల. ఉబ్బసం ఎక్కువై రెండో తరగతితో బడి ఆగిపోయింది. తరువాత రెండేళ్లూ తల్లి సత్యవేణే ఇంట్లో చదువు చెప్పింది. ఆమె చదివింది పదో తరగతి, లేసు అల్లుతుంది. మందులతో పిల్లకి నెమ్మదించింది కనుక అయిదులో చేర్చుకోమని అడిగింది.

చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. మరీ వెనకబడితే మాత్రం ముందు ప్రత్యేక శిక్షణ కేంద్రానికి పంపుతాం. మాకున్న కేంద్రం దూరాన ఉన్న హాస్టలు. అక్కడ పిల్లకి ఆయాసం వస్తే ఎవరు చూస్తారన్నది ఆ తల్లి బెంగ. న్యాయమైన బెంగే. ఊరి బడి హెడ్మాస్టరు గారు మాత్రం రికార్డు షీటు, అంటే చదివిన తరగతులకు బడి ఇచ్చే కాగితం, రెండో తరగతి దగ్గరే ఆగింది కనుక కేంద్రానికే పంపాలన్నారు. తేల్చాల్సింది నేను.

వాళ్లింటికే వెళ్లి పరీక్ష పెట్టాను. ఆ రోజు వార్తాపత్రిక ఇస్తే గడగడా చదివింది. ఏడో ఎక్కం చెప్పమంటే తల దించుకుంది. ఎనిమిదో ఎక్కమూ అంతే. పరీక్ష ఫారంలో ఆమె పేరు పక్కన, లెక్కల గడిలో మైనస్ గుర్తు పెట్టేశాను. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని నేను తూచిన రాయి ఎక్కాలే.

"ఎక్కాలు పాడించలేదండి మేడం గారూ," అంది సత్యవేణి గుమ్మంలోంచి. "గట్టిగా పాడితే ఆయాసం వచ్చేసేదండి దానికి. లెక్కలన్నీ అల్లికలోనే చెప్పానండి. ఒక్కసారి అలా అడిగి చూడండి."

నాకు చిరాకేసింది. సాకు చెప్పని తల్లిని నేనెక్కడా చూడలేదు. అయినా బల్ల మీదున్న లేసు గుడ్డ తీశాను. వరసకి ఏడు పువ్వులు, పువ్వుకి ఆరు రేకులు. రేకుకి ఎనిమిది కుట్లని సత్యవేణి చెప్పింది. వరసకి ఎన్ని కుట్లని అడిగి, నేనూ కాగితం అంచున లెక్క వేయడం మొదలుపెట్టాను. అది పూర్తి కాకముందే, "మూడొందల ముప్పై ఆరండి," అంది దుర్గ.

నాకు మూడు వందల ఇరవై ఆరు వచ్చింది. తప్పన్నాను. పిల్ల బెదరలేదు.

"పువ్వుకి నలభై ఎనిమిదండి. యాభై అనుకుంటే ఏడు పువ్వులకి మూడొందల యాభై. పువ్వుకి రెండు ఎక్కువేసుకున్నాం కదండి, పద్నాలుగు తీసెయ్యాలి."

ఫోన్లో నొక్కి చూశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టు, తప్పు నాదే. సిగ్గేసింది.

అప్పుడు సత్యవేణి నోటు పుస్తకాలు తెచ్చింది. పొద్దున ఆయాసం లేని గంటే వాళ్ల బడి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఫోన్లోకి దించుకుని పాఠాలు వరసగా చెప్పింది. దోసెల పిండికి పప్పూ బియ్యం కొలిపిస్తూ సగం, పావు, ముప్పావు నేర్పింది. రేవులో ఏరు దాటించే పంటు ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి తిరిగొస్తుందో రాయించి గడియారం నేర్పింది. వారానికోసారి పిన్నికి ఉత్తరం రాయించింది. రోజుకో పేజీ. ఆయాసం వచ్చిన రోజు పేజీలో తేదీ ఒక్కటే ఉంది. బీయీడీ చదివిన వాళ్ల దగ్గర కూడా అంత నిజాయితీగల డైరీ నేను చూడలేదు.

ఆ పుస్తకాలే ఆధారమని హెడ్మాస్టరు గారికి చెప్పి, రిమార్కుల్లో 'ఇంట్లో చదివింది, అయిదో తరగతికి తగును' అని రాసి సంతకం చేశాను. మైనస్ గుర్తుకి ఒక నిలువు గీత చాలింది. దుర్గ మర్నాడే అయిదో తరగతిలో తన ఈడు పిల్లల పక్కన కూర్చుంది.

మిగిలిన రెండేళ్లూ నేను ఎక్కాలు అడగటం మానలేదు. చెప్పలేని పిల్లని మాత్రం, ఇంట్లో ఏం పని చేస్తావని అడిగి, ఆ పనిలోంచే ఇంకో లెక్క ఇచ్చేదాన్ని. అంతకు ముందు, ఆ రెండో ప్రశ్న వేయకుండా ఎంతమంది పేర్ల పక్కన మైనస్ గుర్తు పెట్టానో నాకే తెలియదు. ఆ ఫారాలు మళ్లీ నా చేతికి రావు.